దొడ్డివైపు తలుపు

మాది దివిసీమ. అవనిగడ్డకు దగ్గర్లో ఒక పల్లె. ఒక పక్క కృష్ణ పాయలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఎటు చూసినా కాలవలూ వరిచేలూ. వరి ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పాములుంటాయి. తొలకరికి చేలల్లో నీళ్లు పెట్టేసరికి బొరియలన్నీ మునిగి, పాములు గట్ల మీదికీ గడ్డివాముల్లోకీ చివరికి ఇళ్లల్లోకీ వచ్చేసేవి. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను గానీ, చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే: చీకటి పడ్డాక మా ఇంటి దొడ్డివైపు తలుపు తీయకూడదు.

మరుగుదొడ్డి దొడ్డి చివర ఉండేది. అక్కడికి వెళ్లాలంటే కొబ్బరిమట్టల పోగు, పేడకుప్ప, గేదెల పాక దాటాలి. పగలు అదే దారిలో గోళీలాడేవాణ్ణి. రాత్రి మాత్రం ప్రతి మట్ట కిందా ఏదో ఒకటి చుట్ట చుట్టుకుని నాకోసమే కాచుకుని ఉన్నట్టుండేది. మధ్యరాత్రి మెలకువ వస్తే నవారు మంచం మీద ముడుచుకుని తెల్లారేదాకా బిగబట్టుకునేవాణ్ణి. అమ్మను లేపొచ్చు, కానీ పక్క మంచం మీద చెల్లెలుంది. నాకన్నా చిన్నది, ఒక్కతే టార్చిలైటు పట్టుకుని వెళ్లొచ్చేది. దాని ముందు పరువు పోగొట్టుకోవడం కన్నా కడుపునొప్పే నయం అనిపించేది.

రాత్రిపూట ఎవరూ పాము అని పేరెత్తేవాళ్లు కాదు. పురుగు అనేవాళ్లు. "వామి దగ్గర పురుగు తిరుగుతోందంట, లైటు తీసుకెళ్లు" అని నాయనమ్మ నెమ్మదిగా చెబుతుంటే నాకు సగం ప్రాణం పోయేది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా వీధిలో ఒక పిన్ని ఉండేది. వరసకు పిన్నే గానీ వయసులో మా పెద్దక్కంత. వానాకాలంలో ఒకరోజు రాత్రి కింద చాప మీద పడుకుంది. ఏదో చీమ కుట్టినట్టుందని లేచి, చెయ్యి గోక్కుని మళ్లీ పడుకుందట. తెల్లవారుజామున కడుపునొప్పి అంది. అజీర్తి అనుకుని వాము నమిలించారు. తర్వాత మాట ముద్దగా వచ్చింది. మేం పిల్లలం వాకిట్లో నిలబడి చూస్తున్నాం. ఆమె కూర్చునే ఉంది, కానీ కనురెప్పలు వాలిపోతున్నాయి. "నిద్రొస్తోందే, కళ్లు తెరుచుకోవట్లేదే" అంటూ వేళ్లతో రెప్పలు పైకెత్తుకుంటోంది. గాలి సోకిందని ఒకరు, దిష్టని ఒకరు. చివరికి కాలవ అవతల మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వేపమండలతో దించి, మిరియాలు నమిలించి, కారంగా ఉందా లేదా అని అడిగాడట. అక్కణ్ణించి ఆసుపత్రికి బయల్దేరేసరికి దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

అది కట్లపాము కాటని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. పెద్దగా వాపుండదు, నొప్పుండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. విషం నరాల నుంచి కండరాలకు అందాల్సిన సంకేతాన్ని ఆపేస్తుంది. మొదట రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. సమయానికి మందు పడి, ఊపిరి యంత్రం మీద పెడితే చాలామంది లేచి ఇంటికొస్తారు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లే. ఆ లెక్క చదివినప్పుడు నాకు అంకె కనబడలేదు, పిన్ని వేళ్లు కనబడ్డాయి.

ఆమె పోయాక నా భయం ముదిరింది. చెప్పులు దులపకుండా వేసుకునేవాణ్ణి కాదు. పుస్తకాల సంచిలో చెయ్యి పెట్టాలంటే ముందు తలకిందులు చేసి కుమ్మరించేవాణ్ణి. మేష్టారు బోర్డు మీద పాము బొమ్మ వేస్తే చూపు తిప్పుకునేవాణ్ణి. ఊళ్లో పిల్లలకు ఇదొక ఆటైపోయింది. సైకిల్ ట్యూబు ముక్క నా మీదికి విసిరేవాళ్లు. నేను అరిచే అరుపుకు వాళ్లు నవ్వే నవ్వు నాలుగు వీధులకు వినబడేది.

నాకు ధైర్యం చెబుదామని నాయనమ్మ తన కథ చెప్పేది. 1977 నవంబరు 19 ఉప్పెన. మా ప్రాంతంలో వయసులు కూడా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే లెక్క కడతారు. నాయనమ్మ ఆ రోజు సముద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న పుట్టింట్లో ఉంది. నీళ్లొచ్చేసరికి వాళ్ల తమ్ముడు ఆమెను తుమ్మచెట్టు మీదికి తోసి, పైపంచెతో కొమ్మకు కట్టేశాడు. తెల్లారి చూసుకుంటే అదే కొమ్మకు జానెడు దూరంలో ఒక తాచు చుట్టుకుని ఉంది. పక్క కొమ్మ మీద ఇంకేదో పాము, దాని పక్కనే ఎలుక. "దానికీ ప్రాణం తీపే కదరా నాయనా. ఎలక్కేసి కూడా చూళ్లేదు. నేనూ దాన్ని చూశాను, అదీ నన్ను చూసింది. నీళ్లు తీసేదాకా ఎవరి మానాన వాళ్లం" అనేది. నాయనమ్మ ఉద్దేశం మంచిదే. కానీ అప్పటిదాకా నాకు నేల మీదే భయం. ఆ కథ విన్నాక చెట్లెక్కడం కూడా మానేశాను.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగుల చవితి. తలంట్లు పోసుకుని, చలిమిడీ చిమ్మిలీ కోడిగుడ్లూ ఆవుపాలూ పట్టుకుని అందరం పుట్టకు బయల్దేరేవాళ్లం. పడగ తొక్కినా పగవాడనుకోవద్దనీ, తోక తొక్కితే తొలగిపొమ్మనీ నాయనమ్మ నాగన్నకు దణ్ణం పెట్టుకునేది. తర్వాత పుట్టమన్ను తీసి మా చెవులకు రాసేది. మిగతా పిల్లలకు ఆ పండగంటే దాచుకున్న మతాబులు కాల్చడం. నేను మాత్రం గట్టు మీద నిలబడి కన్నాలు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఏ కన్నంలోంచి వస్తే ఎటు పరిగెత్తాలి అని. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి తీసుకెళ్లినా ఇదే తంతు. నన్ను భయం లేకుండా చూడమని ఇంటిల్లిపాదీ మొక్కుతుంటే, నేను అంతమంది మధ్యా కాళ్ల దగ్గరే చూసుకుంటూ నడిచేవాణ్ణి.

దేవుడు చేయలేదని అనను గానీ, ఆ పని చివరికి ఎలుకలు పట్టే తాత చేశాడు.

వరి పొట్ట మీదున్నప్పుడు ఎలుకలు దుబ్బుల్ని మొదలంటా కొరికేస్తాయి. అప్పుడు యానాదుల్ని పిలిపించేవాళ్లు. ఆ తాత ఏటా మా చేలకు వచ్చేవాడు. పెద్దవాళ్లంతా ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాళ్లు. నన్ను మాత్రం నాయనమ్మ "తాతా అనరా" అంది, అందుకే నాకిప్పటికీ ఆయన తాతే. సన్నగా, నల్లగా, మోకాళ్ల పైకి గోచీ, చేతిలో ఒక మట్టికుండ, చిన్న పార. అంతే ఆయన సరంజామా. బాబాయి నన్ను అన్నం క్యారేజీ ఇచ్చి చేలోకి పంపాడు. గట్టు మీద నడవాలంటేనే చెమటలు పట్టాయి, కానీ చెల్లెలు వస్తానంటుంటే వెళ్లక తప్పలేదు.

ఆయన పని చేసే తీరు చూస్తూ నిలబడిపోయాను. కుండ అడుగున ఒక చిన్న చిల్లు. కుండ నిండా గడ్డి కుక్కి నిప్పు పెట్టాడు. కుండ మూతిని బొరియకు ఆనించి, చుట్టూ బురదతో మెత్తాడు. ఆపైన అడుగున ఉన్న చిల్లుకు నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాడు. కాసేపటికి గట్టుకు అవతల ఒకచోట పొగ లేచింది, ఇంకాసేపటికి నాలుగడుగుల దూరంలో మరోచోట. నేల లోపల ఎలుకలు కట్టుకున్న ఇల్లంతా పొగ దారుల్లో బయటపడింది. లేచిన ప్రతి కన్నాన్నీ బురదతో మూసుకుంటూ వచ్చాడు. ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి. ఎలుకకు ఇంత అని కూలి. తోకలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. పంట కాపాడినందుకు ఆయనకు మేం ఇచ్చింది ఎంతో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మూయని కన్నం ఒకటి నా కాళ్ల దగ్గరే ఉంది. అందులోంచి ముందు తల వచ్చింది. గోధుమరంగు తల, పెద్ద గుండ్రటి కన్ను. నాకు అరుపు కూడా రాలేదు.

"కదలబాకండి అబ్బాయిగారూ" అన్నాడు తాత, కుండ మీంచి నోరు తియ్యకుండానే అన్నట్టు, అంత తాపీగా. "కదలకపోతే దానికి మనం గుంజతో సమానం."

కదిలే ఓపిక నాకెక్కడిది! అది వస్తూనే ఉంది. నా ఎత్తు కన్నా పొడుగు. పొగకు మత్తెక్కినట్టుంది, నెమ్మదిగా పాకుతోంది. ఇంత దగ్గర్నుంచి అంతసేపు పామును చూడటం అదే మొదలు. నాలుక బయటికొచ్చి, గాలిలో ఆడి లోపలికి పోతోంది. పక్కటెముకల దగ్గర ఒళ్లు పొంగి, తగ్గి, పొంగుతోంది. ఊపిరి తీసుకుంటోందని ఠక్కున తట్టింది. నాకెందుకో ఆ క్షణం దాకా పాము ఊపిరి తీసుకుంటుందన్న ఊహే లేదు. తోకవైపు పొలుసులకు నల్లటి అంచులు. నా పాదానికి జానెడు దూరం నుంచి వెళ్లి, పంటబోదెలోకి జారి, అవతలి చేలో దుబ్బుల మధ్య కలిసిపోయింది.

"జెర్రిగొడ్డు" అన్నాడు తాత. "విషం లేదు. మన కూలోడే. నాకన్నా ముందే పనిలోకి వచ్చాడు, పైసా అడగడు."

నాకు నవ్వొచ్చింది. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, నవ్వూ ఆగలేదు.

ఆ సీజనంతా నేను ఆయన వెనకాలే తిరిగాను. భయం పోయి కాదు. ఆయన పక్కనుంటే భయపడటం కూడా బాగుండేది, అందుకు. ఆయన చెప్పింది చాలా తక్కువ, చూపించింది ఎక్కువ. గట్టు వార జిల్లేడు మొదట్లో ఒక కుబుసం ఉంటే తీసి నా చేతిలో పెట్టాడు. "కన్ను చూడండి" అన్నాడు. ఎండకు ఎత్తిపట్టి చూస్తే, తల దగ్గర రెండు చిన్న గుండ్రటి పారదర్శకమైన పొరలు. పాముకు రెప్పలుండవు, కన్నును కప్పే ఆ పొర కూడా కుబుసంతో పాటే ఊడిపోతుందట. కుబుసం విడిచే ముందు ఆ కన్ను పాలరంగుకు తిరిగి చూపు మసకబారుతుందనీ, అప్పుడు దానికే మనమంటే భయం ఎక్కువనీ చెప్పాడు. ఆ కుబుసాన్ని సోషల్ నోట్సులో దాచుకున్నాను. చెల్లెలికి చూపిస్తే కెవ్వుమంది. ఇన్నాళ్లకు నా పరువు నాకు దక్కింది.

ఒకదాన్నొకటి చుట్టుకుని సగం ఒళ్లు నిటారుగా లేపి ఊగే పాముల్ని కూడా ఆయన పక్కన నిలబడే చూశాను. ఊళ్లో అందరూ దాన్ని జంటకట్టడం అంటారు, మీద తెల్లగుడ్డ పరిస్తే అదృష్టమంటారు. "రెండూ మగవేనండీ, కుస్తీ పడతన్నాయి" అన్నాడాయన. అది నిజమేనని చాలా ఏళ్లకు పుస్తకాల్లో చదివాను.

ఆయన భయపడే పాములూ ఉన్నాయి. రక్తపింజర పేరెత్తితే మొహం మారిపోయేది. పనల కింద, చెత్త కింద కదలకుండా పడుంటుందనీ, మిగతావాటిలా మన అడుగుల చప్పుడుకు పారిపోదనీ, చెయ్యి పెట్టే ముందు కర్రతో తిప్పి చూడమనీ మళ్లీ మళ్లీ చెప్పేవాడు. మా నాయనమ్మ దాన్ని పొడపాము అనేది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద రంగుల బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. అందులో ఈ పాముకు మన వాళ్లు చెప్పిన పేరే రాసుకున్నాడు, కాటుక రేకుల పొడ అని. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని రస్సెల్ పేరుతోనే పిలుస్తోంది. చెప్పినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. మా తాతలాంటి వాళ్లే అయ్యుంటారు.

నేను డిగ్రీలో ఉండగా బాబాయిని ఆ రక్తపింజరే కరిచింది. పనలు మోపు కడుతుంటే మడమ పైన. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. కాలు చూస్తుండగానే వాచింది. చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. నాయనమ్మ అలవాటు కొద్దీ కాలవ అవతలికి అంది. అప్పటికి బాగా ముసలివాడైపోయిన తాత ఆ పక్క చేలోనే ఉన్నాడు. పరిగెత్తుకొచ్చి, "మంత్రం లేదు, గింత్రం లేదు. అవనిగడ్డ తీసుకుపోండి, కాలు కదపనివ్వబాకండి" అని కసిరాడు. మా ఇంట్లో పెద్దవాళ్లను ఆయన కసరడం అదే మొదటిసారి. ఎవరో తాడుతో గట్టిగా కట్టబోతే అదీ వద్దన్నాడు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి బాబాయిని పడుకోబెట్టాం.

ఆసుపత్రిలో డాక్టరు చేసిన మొదటి పని చూసి నాకు విసుగొచ్చింది. కొంచెం రక్తం తీసి, పొడి గాజుగొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, గడియారం చూసుకున్నాడు. 20 నిమిషాలు దాన్ని ఎవరూ కదపొద్దన్నాడు. ఆ 20 నిమిషాలు ఎలా గడిచాయో! తర్వాత గొట్టాన్ని వంచాడు. గడ్డకట్టి ఉండాల్సిన రక్తం గొట్టం అంచు దాకా పారింది. "పింజరే" అన్నాడు. వెంటనే పొడిమందు సీసాలు ఒక్కొక్కటే కరిగించి సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే గొట్టం, అదే నిరీక్షణ, మళ్లీ మందు. ఆ తర్వాతి పరీక్షలో గొట్టం వంచితే రక్తం కదల్లేదు. అంత అందమైన దృశ్యం నేను ఇంకోటి చూడలేదు. బాబాయి బతికాడు. కాలు కొంచెం ఈడుస్తూ, ఇప్పటికీ ఆ కథ చెబుతూనే ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ పాము ఒక అడుగు పొడుగవుతుంది.

ఆ మందు ఎలా వస్తుందో ఆ రాత్రి డాక్టరే చెప్పారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది, దాన్ని శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. ఆ విషం చాలావరకు మద్రాసు దగ్గర ఇరుళ జాతివాళ్లు పట్టిన పాముల నుంచి వస్తుందన్నారు.

ఉద్యోగం చెన్నైలో వచ్చినప్పుడు మొదటి సెలవు దొరగ్గానే మహాబలిపురం దారిలో ఉన్న ఆ చోటికి వెళ్లాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పాముచర్మాల వ్యాపారం ఆగిపోయి ఇరుళులకు బతుకుతెరువు పోతే, రోములస్ విటేకర్ అనే ఆయన తోడ్పాటుతో 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. ఇసుక పరిచిన పల్లంలో వరసగా మట్టికుండలు, మూతులకు గుడ్డలు. ఒకాయన గుడ్డ విప్పి, కొక్కెం కర్రతో రక్తపింజరను తీశాడు. అది కుక్కర్ విజిల్లా బుసకొట్టింది. తల ఒడిసిపట్టి, పొర బిగించిన గాజుపాత్ర అంచుకు కోరలు ఆనించాడు. లోపలివైపు ఒక పసుపు చుక్క జారింది. బాబాయి కాలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది గానీ, వెనక్కి ఒక్క అడుగు కూడా వేయలేదు. కొన్ని వారాలు ఉంచుకుని విషం తీశాక పాముల్ని మళ్లీ అడవిలోనే వదిలేస్తారట. ఆయన భుజాలు, కళ్ల చుట్టూ ముడతలు, పామును కుండలోకి దించే ఆ తాపీ చూస్తుంటే మా తాత తమిళం మాట్లాడుతున్నట్టే ఉంది. అప్పటికి ఆయన పోయి కొంత కాలమైంది. ఆ వార్త నాకు ఎవరూ చెప్పలేదు, మామూలు కబుర్ల మధ్య అమ్మ నోటి వెంట వచ్చింది.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగి, మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. టీవీల్లో మూఢనమ్మకం అని కొందరు, కాదని కొందరు కొట్టుకున్నారు. నాకు యాగం మీద కోపమేమీ లేదు, నాయనమ్మ ఉంటే ముందు వరసలో కూర్చునేది. దాంతో పాటు ఇంటికో టార్చిలైటు, చేలోకి దిగే కూలీలకు గమ్‌బూట్లు, నేల మీద పడుకునేవాళ్లకు మంచమూ దోమతెరా ఇస్తే బాగుండునని మాత్రం అనిపించింది. దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము కూడా లోపలికి రాలేదు. పిన్నికి అదొక్కటి ఉండుంటే.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఉంటున్నాం. పోయిన వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాము కనబడింది. నేను దిగేసరికి వాచ్‌మన్ చేతిలో కర్ర, మూడో అంతస్తు అంకుల్ చేతిలో క్రికెట్ బ్యాటు, మిగతా అందరి చేతుల్లో ఫోన్లు. మీటర్ల బోర్డు కింద మూల మీద సన్నగా, ముదురు గోధుమరంగు మీద తెల్లపట్టీలతో చుట్టుకుని ఉంది. "కట్లపామే, కొట్టెయ్" అంటున్నారు. టార్చి వేసి చూశాను. పట్టీలు మెడ దగ్గరే మొదలై, తోకవైపు వెళ్లేకొద్దీ మాసిపోతున్నాయి. కట్లపాముకైతే తోకదాకా ఉంటాయి, వెన్ను మీద పెద్ద పొలుసుల వరస కూడా ఉంటుంది. ఇది విషంలేని తోడేలు పాము కావచ్చనిపించింది. అయినా నేను పట్టుకోబోలేదు. దూరం నుంచి చూసి చెప్పే నా తెలివి మీద ఒకరి ప్రాణం పందెం కాయలేను. అందర్నీ వెనక్కి పంపి, ఎటు కదిలినా కనబడేలా దాని మీదే లైటు వేసి నిలబడి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయించాను. 1995 నుంచి నగరంలో పాములు పట్టి అడవుల్లో వదిలే వాలంటీర్లు వాళ్లు. వచ్చిన కుర్రాడికి మా అబ్బాయి వయసుంటుంది. కొక్కెంతో తీసి, ఒకసారి తిప్పి చూసి, "తోడేలు పామే సార్, బల్లుల కోసం వచ్చింది" అని సీసాలో దించాడు.

కింద ఫ్లాట్ మామ్మగారు గిన్నెలో పాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాము పాలు తాగదని చెబితే నా వంక జాలిగా చూసి, "నువ్వు తాగుతావా మరి?" అన్నారు. తాగేశాను.

సెల్లార్‌లో చెత్తా పాత పరుపులూ తీయించకపోతే ఎలుకలు, వాటి వెనకే ఈసారి నిజంగా విషపు పామే వస్తుందని అసోసియేషన్ వాళ్లకు చెప్పాను. మీటింగ్ పెడదామన్నారు. పరుపులు ఎవరివో తేలక ఆ మీటింగ్ ఇంకా జరగలేదు.